పిల్లల నేరానికి తల్లిదండ్రుల బాధ్యత ఎంత?

సంపాదకులకు నమస్కారం.

మైనర్లు చేసే నేరాలకు వారి తల్లిదండ్రులను కూడా జైలుకు పంపాలని కోరుతూ పాఠకులు రాసిన లేఖలు మీ పత్రికలో చదివాను. ఎవరి పిల్లవాడో చేసిన పనికి తమ బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాన్ని దగ్గర నుంచి చూసినవారికి ఆ కోపం రావడంలో తప్పు లేదు. అయితే, ముప్పై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, దారి తప్పిన పిల్లలతోనూ వారి తల్లిదండ్రులతోనూ ఎన్నోసార్లు మాట్లాడినవాడిగా, ఆ కోరికలో ఒక భాగాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే మిగిలిన భాగాన్ని వ్యతిరేకించక తప్పడం లేదు. కన్న సంబంధం ఒక్కటే శిక్షకు ఆధారం కాకూడదు. తల్లిదండ్రులు స్వయంగా ఏం చేశారు, వారికి ముందే ఏం తెలుసు, తెలిసి కూడా ఏం చేయకుండా ఊరుకున్నారు అన్నవే ఆధారం కావాలి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఈ పద్ధతినే పాటించింది. అందులోని 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడినో వాహన యజమానినో దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25 వేల రూపాయల జరిమానా ఉంటాయి. వాహనం రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. పెద్దల సమ్మతితోనే బండి బయటికి వచ్చిందని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందనిగానీ, తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనిగానీ నిరూపించుకోవలసిన భారం పెద్దల మీదే ఉంటుంది. కఠినంగా కనిపించినా ఇది న్యాయమైన నిబంధన అనే నా అభిప్రాయం. ఎందుకంటే పదిహేనేళ్ల పిల్లవాడు బండి కొనుక్కోలేడు. తాళంచెవి ఎవరో పెద్దవారి చేతి నుంచే అతని చేతికి రావాలి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఉదంతాన్ని కూడా ఇలాగే చూడాలి. 2021 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల విద్యార్థి జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ తుపాకీని తండ్రి నాలుగు రోజుల ముందే అతని కోసం కొన్నాడు. కాల్పులు జరిగిన రోజు ఉదయమే పాఠశాలవారు తల్లిదండ్రులిద్దరినీ పిలిపించి, తుపాకీతోనూ నెత్తుటితోనూ నిండిన బొమ్మను, దాని పక్కన ఆ పిల్లవాడు సాయం కోరుతూ రాసుకున్న మాటలను చూపించారు. వారు కొడుకును ఇంటికి తీసుకువెళ్లలేదు. ఇంట్లో తుపాకీ ఉందన్న మాటా చెప్పలేదు. 2024లో రెండు వేర్వేరు జ్యూరీలు వారిని దోషులుగా తేల్చగా, ఒక్కొక్కరికి పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది. కొడుకు చేసిన హత్యల శిక్షను అమ్మానాన్నలకు పంచారని కొందరు అన్నారు గానీ, ఆ ఉదయం ఆ గదిలో వారు చేయవలసిన పని చేయకపోవడానికే ఆ శిక్ష పడిందని నేను అనుకుంటున్నాను.

దీనికి పూర్తి భిన్నమైన కేసు జపాన్‌లో నడిచింది. 2004లో పదకొండేళ్ల బాలుడు బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతూ తన్నిన బంతి గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. దాన్ని తప్పించబోయి మోటారుసైకిల్ మీద వెళ్తున్న ఒక వృద్ధుడు పడి కాలు విరగ్గొట్టుకున్నారు, కొంతకాలానికి మరణించారు. కింది కోర్టులు తల్లిదండ్రులు కోటి యెన్‌లకు పైగా పరిహారం చెల్లించాలన్నాయి. 2015 ఏప్రిల్‌లో జపాన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, సాధారణంగా ఎవరికీ ప్రమాదం కలిగించని ఆటలో అనుకోకుండా జరిగినదానికి పర్యవేక్షణ లోపించిందని తల్లిదండ్రులను తప్పుపట్టలేమని చెప్పింది. ప్రమాదం జరిగిన పదకొండేళ్లకు గానీ ఆ బాలుడి కుటుంబానికి ఆ తీర్పు రాలేదన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తల్లిదండ్రులను మొత్తంగా నేరస్థుల జాబితాలో చేర్చాలనేవారు ఆలోచించని ప్రమాదం మరొకటి ఉంది. ఒకసారి ఒక తల్లి తన కొడుకు సంచిలో దొరికిన రెండు సెల్‌ఫోన్లను కొంగులో చుట్టుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తండ్రికి తెలిస్తే కొడుకును చంపేస్తాడని, పోలీసులకు తెలిస్తే వాడి చదువు ఆగిపోతుందని, ఏం చేయాలో తెలియక వచ్చానని చెప్పింది. ఆ ఫోన్లు వాటి యజమానులకు చేరాయి; వాటిని ఆ పిల్లవాడి చేత తీయించిన పెద్ద వయసు కుర్రాళ్ల సంగతీ ఆమె వల్లే బయటపడింది. కొడుకు దొంగతనానికి తనకూ శిక్ష పడుతుందని ఆనాడు ఆమెకు తెలిసి ఉంటే ఆ ఫోన్లు నా దాకా వచ్చేవి కావు, ఏ బావిలోనో పడేవి. పిల్లల్లో వచ్చిన మార్పును అందరికంటే ముందు పసిగట్టగలిగేది ఇంట్లోవారే. పరుపు కింద దాచిన కత్తినీ, లెక్కకు అందని డబ్బునూ, అర్ధరాత్రి వచ్చే ఫోన్లనూ చూసేది వారే. అలాంటివారిని చట్టం భయపెడితే వారు సాయం కోసం రారు, సాక్ష్యం దాచిపెడతారు.

అసలు ఎవరిని శిక్షిస్తామన్న ప్రశ్న కూడా ఉంది. భర్త వదిలేసి వెళ్లగా రాత్రి షిఫ్టులో పనిచేసే తల్లినా, ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడని తండ్రినా? జరిమానా ఎప్పుడూ అందుబాటులో ఉన్న మనిషి మీదే పడుతుంది, అంటే పిల్లవాడిని వదలకుండా పెంచుతున్న మనిషి మీదే. పిల్లలను కావాలని నేరాల్లోకి దింపే పెద్దల సంగతి వేరు. వారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష విధించేందుకు 2015 నాటి బాల న్యాయ చట్టంలో 83వ సెక్షన్ ఉంది.

బాధితుల నష్టపరిహారాన్ని మాత్రం ఈ శిక్షల చర్చతో ముడిపెట్టకూడదు. ఫ్రాన్సులో మైనర్ కలిగించిన నష్టానికి తల్లిదండ్రుల తప్పును నిరూపించనక్కర లేకుండానే పరిహారం రాబట్టవచ్చు. సాధారణంగా ఆ సొమ్మును ఆ కుటుంబానికి బీమా ఇచ్చిన సంస్థ చెల్లిస్తుంది. తల్లిదండ్రులపై నేరస్థులన్న ముద్ర పడకుండానే బాధితుడికి డబ్బు అందుతుంది. ఇంగ్లండ్‌లో 1998 నాటి చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం తల్లిదండ్రులకు ఏడాది వరకు వర్తించే ఉత్తర్వు ఇచ్చి, అందులో భాగంగా మూడు నెలల దాకా కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని కోర్టు ఆదేశించవచ్చు. తెలియక తప్పిన పెంపకానికి నేర్పించడమే సరైన మందు.

పిల్లవాడిలో నేరపు లక్షణాలు కనిపించాయని తమంతట తాముగా బడికిగానీ పోలీసులకుగానీ చెప్పుకున్న తల్లిదండ్రుల మాటలను వారి మీదే కేసు పెట్టడానికి వాడుకోకూడదని చట్టంలో స్పష్టంగా రాయాలి. ఆయుధమో వాహనమో చేతికిచ్చినవారిని వదిలిపెట్టకూడదన్న నిబంధన ఎంత అవసరమో, కొంగులో ఫోన్లు చుట్టుకుని వచ్చే తల్లికి ఈ భరోసా ఇవ్వడం అంతే అవసరం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు