కుర్చీ కొనే ముందు టేపు పట్టండి

సంపాదకులు గారికి,

నీళ్లు, రోడ్లు, కరెంటు గురించి రాసే చోట కుర్చీ గురించి రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇప్పుడు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు పొద్దంతా టేబుల్ ముందే ఉంటున్నారు. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేవాళ్లు కొందరు, ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీలకు పని చేసేవాళ్లు కొందరు. నడుము పట్టేయగానే షాపుకు పోయి, నాలుగైదు వేలు పెట్టి, తల దాకా వీపున్న నల్ల రెగ్జిన్ బాస్ చైర్ ఎత్తుకొస్తారు. ఆ పైసలకు మంచి కుర్చీ రాదని కాదు, వస్తుంది. పైసలు పెట్టాల్సిన చోట కాకుండా మెరిసే చోట పెడుతున్నారన్నదే మా బాధ. మేం కుర్చీలు, సోఫాలు బాగుచేసే పనివాళ్లం. ఏ భాగం ముందు పోతుందో, ఎందుకు పోతుందో రోజూ చూసేదే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాం.

షాపుకు పోయే ముందు ఇంట్లో మూడు కొలతలు తీసుకోండి. దర్జీ టేపు చాలు. చెప్పులు విడిచి, గట్టి స్టూలు మీద నిటారుగా కూర్చుని, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో చూడాలి. ఇది కాలి కొలత. తర్వాత భుజాలు వదులుగా వదిలి, చెయ్యి మడిచి, స్టూలు పై నుంచి మోచేతి కింది దాకా కొలవాలి. ఇది మోచేతి కొలత. మూడోది నేల నుంచి టేబుల్ పై దాకా.

ఇప్పుడు లెక్క చూడండి. టేబుల్ 29 అంగుళాలు, మోచేతి కొలత 9 అంగుళాలు అనుకుందాం. టైపు చేసేటప్పుడు మోచేయి టేబుల్‌కు సమానంగా ఉండాలంటే కూర్చునే చోటు 20 అంగుళాల ఎత్తున ఉండాలి. అదే మనిషి కాలి కొలత 16 అయితే పాదాలు నాలుగు అంగుళాలు గాలిలో వేలాడతాయి. తొడల కింద ఒత్తుకుని కాళ్లు తిమ్మిర్లెక్కేది ఇందుకే. కాళ్లు నేలకు ఆనాలని కుర్చీ దించితే భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ పట్టేస్తుంది. దీనికి పది వేల కుర్చీ తెచ్చినా ఒరిగేదేం లేదు, ఎందుకంటే తప్పు టేబుల్‌ది. కుర్చీని పైకే ఉంచి, పాదాల కింద నాలుగు అంగుళాల పీట వేసుకుంటే సరిపోతుంది. చెక్క టేబుల్ అయితే వడ్లాయనతో నాలుగు కాళ్లూ రెండేసి అంగుళాలు కోయించండి, పీట ఎత్తు కూడా రెండు అంగుళాలకు తగ్గుతుంది. కొత్త కుర్చీ కన్నా ముందు చేయాల్సిన ఖర్చు అదే. పొట్టిగా ఉన్న ఆడవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. మార్కెట్లో దొరికే హైడ్రాలిక్ కుర్చీలు, అంటే లివర్‌తో ఎత్తు మార్చుకునేవి, చాలావరకు పూర్తిగా దించినా 17 అంగుళాలకు కిందికి రావు.

షాపులో చూసేటప్పుడు వీపు వైపు కాదు, ముందు కుర్చీని బోర్లా తిప్పి చూడండి. సేటు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీయండి. సీటు కింద ఉన్న చెక్క ప్లైవుడ్డా, చెక్కపొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డా అన్నది అక్కడే తెలుస్తుంది. అంచు దగ్గర పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై, రవ్వలా కనిపిస్తే బోర్డు. ప్లై 12 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. సీటు కింద లివర్ ఉండే ఇనుప ప్లేటును మెకానిజం ప్లేటు అంటారు. దాన్ని సీటుకు పట్టి ఉంచేది నాలుగు బోల్టులు, చెక్కలోకి దిగగొట్టిన నాలుగు టీ-నట్లు. బోర్డు పలచనిదైతే ఆ టీ-నట్లు ఊడి, బోల్టు ఎంత తిప్పినా గిర్రున తిరుగుతుందే గానీ బిగుసుకోదు. అప్పుడు పాత చెక్క కొలతకే కొత్త ప్లై కోసి, మళ్లీ కుషన్ ఎక్కించడం తప్ప వేరే దారి లేదు. కొన్న పదిహేను రోజులకు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి అలెన్ కీతో (ఆరు పలకల వంపు కడ్డీతో) ఆ నాలుగు బోల్టులనూ బిగిస్తే ఈ రోగమే రాదు. వదులైన బోల్టుతో ఊగుతూ కూర్చోవడం వల్లే చెక్కలో రంధ్రం పెద్దదవుతుంది.

కుషన్ సంగతి. షాపులో మెత్తగా ఉన్నది మంచిదనుకుంటారు. పిడికిలితో గట్టిగా నొక్కండి, కింద చెక్క తగిలితే ఆ సీటు ఆరు నెలల్లో పలక అవుతుంది. ఫోమ్ మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలని. పొద్దంతా కూర్చునే సీటుకు 40 ఉండాలి, 32 కన్నా తక్కువైతే వద్దు. అమ్మేవాళ్లు నోటితో ఏదైనా చెబుతారు, కాంటా మాత్రం అబద్ధం చెప్పదు. పాత కుర్చీకి కొత్త ఫోమ్ వేయించేటప్పుడు 20 అంగుళాల చదరం, 3 అంగుళాల మందం ముక్కను కూరగాయల కాంటా మీద పెట్టించండి. 40 డెన్సిటీ అయితే 780 గ్రాముల దగ్గర తూగుతుంది. 32 అయితే 630. 450 చూపించిందంటే అది 23 డెన్సిటీ, దిండుకు పనికొస్తుంది గానీ సీటుకు కాదు. అచ్చులో పోసిన మోల్డెడ్ ఫోమ్ దొరికితే ఇంకా మేలు, అంచులు అణగవు.

సీటు లోతు కూడా కూర్చునే చూడాలి. వీపు పూర్తిగా ఆనించినప్పుడు సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే ఆ కుర్చీ మీకు పెద్దది. వీపు ఆనదు, ముందుకు జరిగి కూర్చుంటారు, కొన్న వీపు దండగ. నడుము దగ్గరి ఉబ్బు సీటుకు ఆరు నుంచి పది అంగుళాల పైన తగలాలి. చాలా కుర్చీల్లో అది కదలదు కాబట్టి కూర్చోకుండా కొనొద్దు. ఐదు నిమిషాలు కాదు, పావుగంట కూర్చోండి. తల ఆనించే హెడ్‌రెస్ట్‌కు పైసలు పెట్టకండి, చదివేటప్పుడూ టైపు చేసేటప్పుడూ తల దానికి ఆనదు. హ్యాండిల్స్ టేబుల్ అంచుకు తగిలితే కుర్చీ లోపలికి పోదు, మనిషి ముందుకు వంగుతాడు. ఎత్తు మారని హ్యాండిల్స్ కన్నా అసలు లేకపోవడం నయం. సక్లంముక్లం (బాసింపట్టు) పెట్టుకుని కూర్చునే అలవాటున్న వాళ్లకైతే హ్యాండిల్స్ లేని, 20 అంగుళాల వెడల్పున్న సీటే కావాలి. పక్కలు లేచి ఉన్న గేమింగ్ చైర్ అటువంటి వాళ్లకు బోను లాంటిది.

మన ఎండలకు రెగ్జిన్ వద్దే వద్దు. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో వీపు చెమటతో అతుక్కుపోతుంది. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర. వేడికి, చెమటకు ఆ పొర గుడ్డను వదిలి చేప పొలుసుల్లా రాలుతుంది. అతికించినా నిలవదు, బట్టంతా మార్చాల్సిందే. వీపుకు మెష్ (వల లాంటి బట్ట), సీటుకు బట్ట కుషన్ ఉన్నది ఈ ధరలో అన్నింటికన్నా తెలివైన బేరం. సీటు కూడా మెష్ అన్నది చవకలో తీసుకోవద్దు, మధ్యలో జారి, ముందరి కమ్మీ తొడలకు ఒత్తుకుంటుంది. మెష్ అంచు దగ్గర చిరిగితే కుట్లు ఆగవు.

ఇక హైడ్రాలిక్, అంటే సీటును లేపి దించే నడిమి గొట్టం. దీన్నే గ్యాస్ లిఫ్ట్ అంటారు. పేరు హైడ్రాలిక్కే గానీ పైకి లేపేది లోపల ఒత్తిడితో నింపిన నైట్రోజన్. సీళ్లు అరిగి గ్యాస్ పోతే మనిషి కూర్చున్న కొద్దీ కుర్చీ మెల్లగా కిందికి దిగుతుంది. దాన్ని మళ్లీ నింపేది ఉండదు, మార్చడమే. గ్యాస్ లిఫ్ట్ మీద క్లాస్ 3 అనో క్లాస్ 4 అనో ముద్ర ఉంటుంది, 4 గట్టిది. బరువైన మనుషులు అదే అడగాలి. చాలా కుర్చీల్లో కింది గొట్టం 50 మిల్లీమీటర్లు, పైన జారే రాడ్ 28 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి ఒక కుర్చీది ఇంకోదానికి పడుతుంది. సుమారు ఆరేడు వందల నుంచి వెయ్యి లోపు పనికి కుర్చీనే పారేసేవాళ్లున్నారు. గ్యాస్ లిఫ్ట్‌కు బోల్టులేం ఉండవు, రెండు చివర్లా సన్నబడి రంధ్రాల్లో బిగుసుకుని ఉంటుంది. పైప్ పానాతో పట్టి తిప్పుతూ, మెకానిజం ప్లేటు మీద రబ్బరు సుత్తితో కొడితే ఊడుతుంది. ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఆ గొట్టానికి డ్రిల్లు పెట్టొద్దు, మంట పెట్టొద్దు. పేలుతుంది.

అంత పైసలు కూడా లేవంటే ఒక ఉపాయం ఉంది. ప్లాస్టిక్ తొడుగును పైకి జరిపి, మీకు కావాల్సిన ఎత్తుకు కుర్చీ లేపి, బయట కనిపించే రాడ్ పొడవెంతో కొలవండి. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపును అంత పొడవు కోసి, నిలువుగా ఒక వైపు చీల్చి, రాడ్ చుట్టూ తొడగండి. పైపు కింది అంచు లావు గొట్టం మీద కూర్చుంటుంది, కుర్చీ దిగదు. ఎత్తు మార్చుకోలేరు, అంతే.

కింది ఐదు కాళ్ల బేస్ నైలాన్‌దైనా తప్పులేదు. పలచనిదైతే చక్రం దిగే రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులుతో మొదలై ఒకరోజు ఫట్‌మంటుంది. ఎనభై కిలోలు దాటినవాళ్లు లోహపు బేస్ తీసుకోవాలి. చక్రాల కాడ ఎక్కువ కుర్చీల్లో 11 మిల్లీమీటర్లే, ఐదింటినీ చేత్తో లాగి మార్చుకోవచ్చు. గట్టి నైలాన్ చక్రాలు తివాచీకి చేసినవి. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్, లేకపోతే షాబాద్ బండలు. టైల్స్ మీద అవి జారిపోతాయి, బండల సందుల్లో ఇరుక్కుంటాయి. రబ్బరులా మెత్తగా ఉండే పీయూ చక్రాలు అడిగి వేయించుకోండి. చక్రం తిరగడం మానిందంటే సగం సార్లు ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలే, బ్లేడుతో కోసి తీస్తే చాలు.

హైదరాబాద్‌లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు వచ్చే సెకండ్ హ్యాండ్ కుర్చీలు, నిజం చెప్పాలంటే, అదే ధరకు వచ్చే కొత్త వాటికన్నా చాలాసార్లు మంచివి. చెక్క, మెకానిజం గట్టివి ఉంటాయి. పూర్తిగా పైకి లేపి, సీటు అంచు గోడ మీద ఎక్కడికి వస్తుందో పెన్సిల్ గీత పెట్టి, పది నిమిషాలు కూర్చుని లేవకుండానే మళ్లీ చూడండి. గీత కన్నా కిందికి దిగిందంటే గ్యాస్ లిఫ్ట్ పైసలు బేరంలో తగ్గించుకోవాలి. వెనక్కి వాలి లాక్ పడుతుందో లేదో చూడండి. లాక్ పడని మెకానిజానికి విడి భాగాలు దొరకడం కష్టం, అది వదిలేయండి.

ఆన్‌లైన్‌లో తెప్పించి ఇంట్లో బిగించేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు మెకానిజం ప్లేటును వెనకా ముందూ తిప్పి పెట్టడం. కూర్చుంటే ముందుకు తోసినట్టు ఉంటుంది. కూర్చున్నవాళ్ల కుడిచేతికి లివర్ అందాలి, అదే గుర్తు. నాలుగు బోల్టులూ ముందు వదులుగా పెట్టి, తర్వాత మూలకు మూల ఎదురుగా బిగించాలి. మొదటిదాన్నే బిగించేస్తే నాలుగోది రంధ్రానికి అందదు, బలవంతంగా తిప్పితే మర పోతుంది.

చదువుకునే పిల్లలకు చక్రాల కుర్చీ అవసరమే లేదు. హ్యాండిల్స్ లేని ప్లాస్టిక్ కుర్చీ చాలు, సీటు మాత్రం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి వెనక వైపు అంగుళమున్నర ఎత్తుగా దుప్పటి మడిచి వేసి, నడుము దగ్గర తువ్వాలు చుట్ట పెట్టుకోవాలి. ఎండలో ఆరుబయట పడేసిన ప్లాస్టిక్ కుర్చీ పెళుసు బారుతుంది, కాలు కలిసే చోట తెల్లటి గీతలు కనిపిస్తే దాంట్లో కూర్చోవద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు మెత్తటి, లోతైన కుర్చీ శిక్షే. చక్రాలు లేని, 18-19 అంగుళాల ఎత్తున్న, రెండు చేతులూ ఆనించి లేవగలిగే గట్టి హ్యాండిల్స్ ఉన్న చెక్క కుర్చీ వాళ్లకు కావాలి. కేన్ అల్లినదైతే ఎండాకాలం గాలి కూడా ఆడుతుంది.

మీ పత్రిక ద్వారా అమ్మేవాళ్లను అడిగేది ఒక్కటే. బిల్లు మీద 'చైర్ ఒకటి' అని రాసి ఊరుకోకుండా ఫోమ్ డెన్సిటీ, గ్యాస్ లిఫ్ట్ క్లాస్, దేనికెన్ని నెలల వారంటీ అన్నది విడిగా రాయండి. జీఎస్టీ 18 శాతం కడుతున్న గిరాకీకి ఆ మాత్రం హక్కుంది. ఆఫీసు కుర్చీలకు ఐఎస్ 17631 అనే భారతీయ ప్రమాణం 2022 నుంచి ఉంది, కొనేవాళ్లు ఆ నంబరు చెప్పి అడగండి.

రీడింగ్ రూములు నడిపేవాళ్లకూ ఒక మనవి. కుర్చీలన్నీ మార్చలేకపోతే టేబుళ్ల కింద, నేలకు నాలుగు అంగుళాల ఎత్తున, టేబుల్ కాలికీ కాలికీ మధ్య మూడంగుళాల వెడల్పు రీపరు (చెక్క బద్ద) అడ్డంగా పెట్టించండి. పొట్టి పిల్లలకు కాళ్లు పెట్టుకోవడానికి అది చాలు. మేకులతో కాకుండా స్క్రూలతో బిగించండి, పొద్దంతా తొక్కే చెక్కను మేకులు పట్టి ఉంచవు.

ఇట్లు,
కుర్చీలు, సోఫాలు బాగుచేసే పనివాళ్లు,
నల్లగొండ