వంపు పెరగలేదే!

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం

ఏటే సత్యా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, క్షమించేయ్. కలిసినప్పుడు తీరిగ్గా తిడుదువుగాని. అందరం బాగున్నాం. ఆయన బదిలీ ఇంకా తేల్లేదు, చిన్నాడికి దగ్గు తగ్గింది. అంతే. అసలు సంగతి విను.

నా వెన్ను వంపు పెరగలేదే!

నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఇంకొంచెం ఒరిగిపోతున్నాననే అనుకునేదాన్ని కదా. అర్ధరాత్రి లేచి అద్దంలో భుజాలు చూసుకునేదాన్ని. ఈమధ్య కవిటి నుంచి మా పెద్దత్తయ్య వచ్చింది. పొయ్యి దగ్గర నడుం పట్టుకుని నిలబడ్డం చూసి, "మా ఊళ్లో ఒకడున్నాడు, మోకాలు ఆనించి ఒక్క నొక్కు నొక్కాడంటే తిన్నగా అయిపోద్ది" అని ఒకటే పట్టు. సరే, ముందు నాతో రమ్మని ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. కొత్త ఎక్స్‌రేతో పాటు, ఇంటర్లో తీయించింది కూడా అమ్మ బీరువాలోంచి తెప్పించాను.

ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన దీపం మీద పెట్టి, వంపు మొదలైన పూస మీదా ఆగిన పూస మీదా పెన్సిల్‌తో గీతలు గీసి కొలిచింది. అప్పుడు 27 డిగ్రీలు, ఇప్పుడు 29. నాకు గుండె గుభేలుమంది. "కొలతలోనే ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుందండీ, దీన్ని పెరిగిందనరు" అంది. ఎదుగుదల ఆగిపోయాక 30 లోపు వంపులు పెరగడం అరుదట. 50 దాటినవే పెద్దయ్యాక కూడా మెల్లిగా పెరుగుతాయట. మరి నొప్పో? కండరాలు ఒక పక్క లాగిపట్టి అలిసిపోవడం వల్లనట. అక్కడే ఏడ్చేశానే.

పెద్దత్తయ్య ఆ ఫిల్మ్ మీద వేలితో పూసపూసా తడుముతూ, "నొక్కితే అవదా మరి?" అంది. "ఎముక పెరిగిన తీరే అదమ్మా, నొక్కితే పక్కటెముక విరగ్గలదు." ఆవిడ ఇంక మాట్లాడలేదు. బయటికొచ్చాక మాత్రం, "బిళ్లలు మాత్రం మింగకే" అని చెయ్యి పట్టుకుంది. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్లని కళ్లారా చూసిన మనిషి. ఆ భయం న్యాయమే, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు అదేపనిగా వాడితే కిడ్నీలకి చేటు. చీటీ అడక్కుండా పొట్లాలు కట్టిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇప్పుడు పొద్దున్నే చాప మీద పడుకుని, లోపలికి నొక్కుకుపోయిన పక్కకి ఊపిరి నింపుతాను. అక్కడ పక్కటెముకలు చేతికింద మెల్లిగా విచ్చుకోవడం తెలుస్తుందే! వంట చేసేటప్పుడు ఒక కాలు పీట మీద, కాసేపటికి రెండోది. బిందె మానేసి రెండు చిన్న బకెట్లు. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. సాయంత్రం వేడినీళ్ల సంచి, ఆపైన నాగావళి గట్టు దాకా నడక. నొప్పి పోలేదు, కానీ దాన్ని చూసి భయపడ్డం లేదు. నువ్వు మాత్రం నావి చూసి చెయ్యకు, ఎవరి వంపుకి తగ్గ కసరత్తు వాళ్లది. కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి రమ్మంది ఆ ఫిజియో అమ్మాయి.

"ఎడంభుజం రాణి" అని నువ్వు పెట్టిన పేరు ఇంక ధైర్యంగా పిలుచుకో. ఆ కొంటె నవ్వు మాత్రం నవ్వకు! పాపని కూడా ముందుకి వంగమని వీపు చూశాను, ఇవి వంశంలో వస్తాయట కదా. సమంగానే ఉంది గానీ, ఎదిగే వయసు, మళ్లీ... అది ఇంకోసారి రాస్తాను. చిన్నాడు సైకిలెక్కేశాడు, పోస్టు డబ్బాలో వెయ్యమని వాడికిచ్చేస్తున్నా. నీ మోకాలి సంగతి రాయి, దాచకుండా

నీ
పద్మ