గోదావరి మొసళ్ల కోసం అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మొసలి అంటే జూలో చూసేదే అనుకుంటారు మా వరంగల్లో చాలామంది. కానీ రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తే మంథని దగ్గర గోదావరిలో అవి ఇంకా బతుకుతున్నాయి. వాటి కోసమే అక్కడ శివ్వారం అభయారణ్యం ప్రకటించారు. చట్టంలో పులికి ఉన్న రక్షణే మొసలికీ ఉంది. అయినా పులి గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆడ మొసలి ఒడ్డున ఇసుకలో గొయ్యి తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెట్టి కప్పేస్తుంది. రెండు నెలలు కాపలా కాస్తుంది. లోపల పిల్లల కూత వినపడగానే ఇసుక తీసి, ఆ కోరపళ్ల మధ్యే వాటిని పట్టుకెళ్లి నీళ్లలో వదులుతుంది. ఆ ఇసుక లారీలకెక్కినా, నీటిమట్టం ఒక్కసారిగా పెరిగినా ఆ ఏడు పిల్లలు లేనట్టే.

అందుకే శివ్వారం దగ్గర ఒక పెంపకం కేంద్రం అడుగుతున్నాను. ఇది కొత్త పని కాదు. 1975లో దేశంలో మొదలైన మొసళ్ల సంరక్షణ పథకంలో గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలు మీటరు దాటి పెరిగాక నదుల్లో వదిలారు. దానికి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థను అప్పట్లో పెట్టింది మన హైదరాబాద్‌లోనే. అయితే నిపుణులు లేకుండా మొదలుపెట్టొద్దు. ఆడో మగో తేల్చేది గుడ్డు పొదిగిన వేడి: 32.5 డిగ్రీల దగ్గర మగవి ఎక్కువ, తగ్గితే ఆడవి. పైగా గతంలో కొన్నిచోట్ల మొసళ్లు ఎక్కువై, వదలడానికి చోటు లేక పెంపకమే ఆపారు. ముందు ఇసుక తిన్నెలు మిగలాలి.

ఇంకొకటి, మా హంటర్ రోడ్డు జూపార్కు. ఏ జూలోనైనా మొసలి నోరు తెరిచి కదలకుండా పడుకుంటే "బొమ్మేమో" అంటూ రాయి విసిరేవాళ్లుంటారు. ఒంటి వేడి తగ్గడానికే అలా నోరు తెరుస్తుందని చెప్పే మనిషి పక్కనుంటే ఆ చెయ్యి ఆగుతుంది. అలా చెప్పే ఉద్యోగాలు మా జూలో పెట్టి, గోదావరి ఒడ్డు జాలరి కుటుంబాల పిల్లలకివ్వండి. మొసలి వల చింపితే నష్టపోయేది వాళ్లే. గూళ్లకు కాపలా కూడా వాళ్లకే, జీతమిచ్చి అప్పగించండి.

ఫిబ్రవరి నుంచి గుడ్ల కాలం. ఆలోపు మీ ఆదేశాలు వస్తే గూళ్లు గుర్తించే పని ఈసారే మొదలవుతుంది.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక పౌరుడు