నీ పేరు రాసిన పేజీ

వారాసిగూడ, హైదరాబాద్
2025 జూలై 20, ఆదివారం

ప్రియమైన చిన్నీ,

ఎలా ఉన్నావే? అన్నయ్య, పిల్లలు, అత్తమ్మ అందరూ బాగున్నారా? రేపు బోనాల సెలవు. మావాళ్లిద్దరూ టీవీలో లాల్‌దర్వాజ బోనాలు చూస్తున్నారు. అమ్మ పడుకుంది. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని రాస్తున్నాను.

దసరా నుంచి నీ ఫోన్లు సరిగ్గా ఎత్తడం లేదు నేను. ఎత్తినా "ఆఫీసులో ఉన్నా, తర్వాత చేస్తా" అని పెట్టేశాను. తర్వాత చేయలేదు. నీకు కోపం వచ్చే ఉంటుంది, లేదా కోపం కూడా తెచ్చుకోకుండా బాధపడి ఉంటావు. అదంతా ఇవాళ రాసేద్దామని కూర్చున్నా. ఫోన్లో అయితే సగంలోనే నాకు ఏడుపొస్తుంది, నువ్వు "వదిలెయ్యవే, ఇప్పుడెందుకు అవన్నీ" అంటావు. అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది.

విషయం అప్పులు. నీకు తెలిసినవి కొన్నే, చెప్పనివి ఎక్కువ.

మా ఆయన ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులకే చేతిలో ఉన్నదంతా అయిపోయింది. నా గాజుల జత బ్యాంకులో పెట్టి 70,000 తెచ్చాను. వెనక వీధి పెద్దమ్మ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000, ప్రాంసరీ నోటు మీద. అది 2022 ఆగస్టు. ఆ తర్వాత ఇల్లు నడపడానికి నా క్రెడిట్ కార్డు గీకుతూ పోయాను. కిరాణా, స్కూల్ ఫీజు, అమ్మ మందులు. అప్పు చేసి పప్పు కూడు అంటారు కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మేం పప్పు కూడు తినలేదే చిన్నీ, మామూలు కూడే తిన్నాం.

మూడేళ్లు ఎంత ఉందో కూడా లెక్క వేసుకోలేదు. ఎవరు అడిగితే వాళ్లకి ఎంతో కొంత ఇవ్వడం, ఒకటో తారీఖు జీతం పడటం, పదికల్లా అయిపోవడం. మెసేజ్ టింగుమంటే గుండె జారిపోయేది. మే నెలలో బడులు తెరిచే ముందు, ఒక రాత్రి ఐదు వేలు కావాల్సి వచ్చి లోన్ ఆప్ ఒకటి ఫోన్లోకి ఎక్కించాను. అది కాంటాక్ట్స్ చూడటానికి అనుమతి అడిగింది. కట్టడం ఆలస్యమైతే ఇలాంటివాళ్లు ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీస్తారని వింటూనే ఉన్నాం కదా. ఆ కాంటాక్ట్స్‌లో నీ పేరుంది. నీకు వాళ్లు ఫోన్ చేస్తే అన్న ఆలోచన రాగానే చేతులు చల్లబడ్డాయి. ఆప్ తీసేశా. (మంచి పనే అయింది. కాంటాక్ట్స్ జోలికి అప్పిచ్చే ఆప్‌లు వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పిందట. అడిగిందంటేనే తేడా ఉందని అర్థం.)

ఆ రాత్రే చిన్నోడి పాత నోట్‌బుక్‌లో మిగిలిన తెల్ల పేజీలు తీసి, ఒక్కో అప్పుకి ఒక్కో పేజీ రాశాను. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా ఎంత కట్టాను. నాలుగు పేజీలు వచ్చాయి. రాస్తుంటే పెద్దది నీళ్ల కోసం లేచి వచ్చి వెనక నిలబడింది. నేను చూసుకోలేదు. నాలుగో పేజీ మీద పేరు చదివి, "అమ్మా, చిన్నీ పిన్నికి కూడా ఇవ్వాలా మనం? అందుకేనా ఫోన్ ఎత్తట్లేదు?" అంది.

ఎనిమిదో తరగతి పిల్ల. దానికి ఏం చెప్పాలో తెలియక "అవునమ్మా" అన్నాను. అది నీళ్లు తాగి వెళ్లి పడుకుంది. నాకు తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నీ సంగతి చివర్లో రాస్తా. మిగతాది ముందు చెప్పనీ.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది కార్డు పేజీ. బాకీ 62,000. వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే 2,170. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 390. మొత్తం 2,560. నేను ప్రతి నెలా 'కనీసం కట్టాల్సింది' అని వచ్చే 3,100 కట్టి, హమ్మయ్య అనుకునేదాన్ని. అందులో అసలుకి చేరేది 540 రూపాయలే! ఆ 540 తగ్గిన చోటే మళ్లీ కిరాణా గీకేదాన్ని. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా కొన్నదానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నేనేమో ఇంకా నలభై ఐదు రోజులు టైం ఉందనే అనుకుంటున్నాను.

పెద్దమ్మ నోటు పేజీ ఇంకో రకం. నెలకు 1,500, ఒక్క నెల తప్పలేదు. మే నాటికి 33 నెలలు, 49,500. తెచ్చిందెంతో దాదాపు అంతా వడ్డీగానే ఇచ్చేశాను, అసలు 50,000 చెక్కు చెదరలేదు.

ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తట్టింది. బంగారం మీద వడ్డీ నూటికి రూపాయే. ధర చూస్తే నేను పెట్టినప్పటికి రెట్టింపు దగ్గరికి వచ్చింది. అదే గాజుల మీద ఇంకా తీసుకుని కార్డు మూసేస్తే? అమ్మకి చెబితే, "ఉన్నది విడిపించమంటే ఇంకా లోతుకి తోస్తావా" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె భయం ఆమెది. తెలుగింట్లో బంగారం బ్యాంకుకి వెళ్లిందంటే సగం పోయినట్టే లెక్క కదా.

జూన్‌లో బ్యాంకుకి వెళ్లాను. సీలు వేసిన కవరు చించి గాజులు ట్రేలో పోశారు. మూడేళ్లు అయింది చూసి. ఒక గాజుకి సొట్ట ఉంటుంది, గుర్తుందా? పెద్దది ఏడాది పిల్లప్పుడు గుమ్మానికేసి కొట్టి చేసిన సొట్ట. అప్రైజర్ ఆయన ఆ గాజునే తీసి నల్లరాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి, కాటా మీద పెట్టాడు. రెండూ కలిపి 19.800 గ్రాములు. ఆ రోజు గ్రాము తొమ్మిది వేల పైన ఉంది. పాత 70,000 పోను ఇంకో 62,000 ఇస్తామన్నారు. ఒక్కసారి వేసుకుని చూడాలనిపించింది, కానీ అడగలేదు.

ఆ డబ్బుతో కార్డు బాకీ మొత్తం కట్టి, కార్డు రద్దు చేయించి, బాకీ లేదని కాగితం తీసుకున్నాను. ఇప్పుడు లెక్క చూడు. ఇంతకు ముందు మూడు చోట్లా కలిపి వడ్డీ నెలకు 4,760. ఇప్పుడు 2,820. దాదాపు రెండు వేలు తగ్గింది. అప్పు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు, చోటు మారిందంతే. ఆ మిగిలిన రెండు వేలు అసలు కిందకి పోకపోతే చేసిందంతా దండగ. ఇది నేను అనుభవం మీద చెబుతున్నా. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయినప్పుడు నెలకు వెయ్యి మిగులుతుందని ఎంత సంబరపడ్డానో. జీరో టికెట్ చేతిలో పట్టుకుని అబిడ్స్‌లో దిగేదాన్ని. ఆ వెయ్యి ఏమైందో ఇప్పటికీ తెలియదు. దానికో చోటు చూపించలేదు, అదే కరిగిపోయింది.

అందుకే ఈసారి జీతం పడిన రోజే ముందు అప్పుల డబ్బు తీసేస్తున్నా. జీతం 31,000, సాయంత్రం ఐదుగురు పిల్లల ట్యూషన్ 4,000. ఇంటికి 28,000లో సరిపెట్టాలి. అద్దె 9,000, ఫీజులకి 4,500 పక్కన, చిన్నోడి ఆటో 1,200, గ్యాసు, కరెంటు, ఫోన్లు, అమ్మ మందులు... పాలు, కిరాణా, కూరగాయలకి 9,500. ఇక్కడే చేయి జారేది. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తే పోతున్నట్టే తెలియదే! ఇప్పుడు శనివారం 1,800 నోట్లుగా తీసి స్టీలు డబ్బాలో పెడతాను. డబ్బా అడుగు కనిపిస్తే ఆ వారానికి అంతే. కిరాణా కొట్లో ఖాతా కూడా మూసేశా. కూరగాయలు సాయంత్రం పొద్దుపోయాక మోండా మార్కెట్‌లో తెస్తున్నా. పెద్దదాని పుస్తకాలు కోఠిలో పాతవి దొరికాయి. ఎవరో పెన్సిల్‌తో జవాబులన్నీ గుర్తు పెట్టి ఉన్నాయి, అది చెరిపేస్తూ కూర్చుంది ఒక సాయంత్రమంతా.

శ్రావణంలో మూడు పెళ్లి పిలుపులున్నాయి. ఇది వరకు చదివింపులు 1,116కి తక్కువ రాయించేదాన్ని కాదు. ఈసారి 516. వెళ్తాను, భోంచేస్తాను, అక్షింతలు వేస్తాను. ఏమనుకుంటారో అన్న ఆలోచన ఇంకా పోలేదు, కానీ చేసేది మాత్రం ఇదే.

జూలై 5న పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. అసలు కొంచెం కొంచెం తీరుస్తానంటే మొదట ఒప్పుకోలేదు. "చిల్లరగా ఇస్తే నా చేతిలో ఖర్చయిపోతది బిడ్డా, ఒక్కసారే ఇయ్యి" అంది. చెడ్డది కాదు ఆమె, ఆమెకి ఆ వడ్డీయే పెన్షన్. కానీ ఆగస్టు వస్తే మూడేళ్లు నిండి నోటు గడువు తీరిపోతుంది, తిరగ రాయాలని ఆమె టెన్షన్ ఆమెకుంది. గడువు లోపల అసలు కింద కొంత కట్టి, కట్టినట్టు నేను నోటు మీద రాసి సంతకం పెడితే, అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క వస్తుంది, మీకే మంచిదని చెప్పాను. ఆఫీసులో వకీలు గారిని అడిగి తెలుసుకున్నాలే. అప్పుడు బీరువా తెరిచి, చీర మడతల్లోంచి నోటు తీసింది. రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం, ఆ రోజుల్లో చేయి వణుకుతూ పెట్టింది, అలాగే ఉంది. వెనక్కి తిప్పి రాశాను: "తేది 5-7-2025న అసలు కింద రూ.3,500 ముట్టినవి." నేను సంతకం పెట్టాను, ఆమె కింద పెట్టింది. వచ్చే నెల వడ్డీ 1,500 కాదు, 1,395. నూట ఐదు రూపాయలే! మెట్లు దిగుతూ ఆ నూట ఐదు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో.

భర్త పోయాక ఆయన లోన్ ఆమె కట్టాలా అని మీ ఆడపడుచు గురించి మెసేజ్ పెట్టావు కదా, అది చదివి జవాబివ్వకుండా ఉన్నందుకు నా మీద నాకే కోపం. ఆమెకి ఇది చెప్పు. భర్త ఒక్కడి పేరు మీద తీసుకున్న పర్సనల్ లోన్‌కి, ఆయన వదిలిపోయిన ఆస్తిలోంచి వారసులకి వచ్చినంత వరకే బాధ్యత. ఆమె సొంత జీతంలోంచి కట్టాల్సిన పని లేదు. ఆమె కూడా కలిసి సంతకం పెట్టి ఉంటేనో, జామీను ఉంటేనో అది వేరు. కాబట్టి ముందు లోన్ కాగితాలు చూడమను, దానికి ఇన్సూరెన్స్ ఉందేమో కూడా చూడమను. ఇది తెలియక నేను మా ఆయన లోన్‌కి 18,000 కట్టాను, రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు చేసి భయపెడితే. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రూల్ ఉంది. చేస్తే తేదీ, టైం రాసుకుని బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టమను. 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. ఒంటరిగా ఉన్న ఆడది కదా అని గొంతు పెంచుతారే వాళ్లు. ఆమె పక్కన ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. నన్ను రమ్మంటే సెలవు పెట్టి వస్తా.

ఇక నీ పేజీ.

2023 జూన్‌లో ఫీజులకి 25,000 ఇచ్చావు. నోటు లేదు, వడ్డీ లేదు, ఎప్పుడిస్తావని అడగలేదు. కిందటి దసరాకి ఇచ్చేస్తానని నేనే అన్నాను. దసరా వచ్చింది, నా దగ్గర లేదు. నువ్వు మామూలుగా పండగ శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేశావు. మోగుతుంటే చూస్తూ కూర్చున్నా. ఆ తర్వాత ప్రతిసారీ అంతకు ముందు ఎత్తనిది కూడా కలిసి బరువైపోయింది. వరంగల్ హాస్టల్లో ఒక కంచంలో తిన్నవాళ్లం. ఆయన పోయిన రోజు కరీంనగర్ నుంచి తెల్లారేసరికి వచ్చి నా పిల్లలకి స్నానాలు చేయించినదానివి. వడ్డీ తీసుకునే పెద్దమ్మ ఎదురుపడితే నిలబడి మాట్లాడాను, నీతో మాట్లాడలేకపోయాను.

నోటు తీరడానికి ఇంకో ఏడాది పట్టేలా ఉంది. అప్పటిదాకా నీకు నెలకు 500 పంపుతాను. నోటు తీరాక, ఇప్పుడు దానికి నెల నెలా వడ్డీ, అసలు కలిపి పోతున్న ఐదు వేలు కూడా నీ పేజీకే. లెక్క ప్రకారమైతే వడ్డీ లేని అప్పు చివర్న తీర్చాలి, ఈ 500 కూడా నోటుకే పోవాలి. తెలిసే చేస్తున్నా. నెలకోసారి నీ పేజీ తెరిచి ఒక అంకె రాయాలి నేను. దయచేసి వద్దనకు, పిల్లలకి ఏమైనా కొనమని తిరిగి పంపకు. పంపితే నాకు మళ్లీ నీ ముందు తల ఎత్తడం కష్టమవుతుంది.

మొదటి 500 ఇందాకే నీ అకౌంట్‌కి వేశాను. నా నోట్‌బుక్‌లో "20-7-2025న రూ.500 ముట్టినవి" అని రాసి, కింద నీ సంతకానికి చోటు వదిలాను. దసరాకి వస్తావుగా, అప్పుడు పెట్టు.

ట్యూషన్ పిల్లలు ఎనిమిదిన్నరకి వెళ్లిపోతారు. తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.

నీ
సుజి