మౌంట్ రోడ్డు మేడలు, బందరు బీమా

ఒరేయ్ శేషూ,

నీ ఉత్తరం అందింది. పాలసీల కోసం ఎండలో ఊళ్ళు తిరుగుతున్నావనీ, నెలాఖరు టార్గెట్ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ రాశావు. నాకు బాధేసింది. కొన్నాళ్ళుగా నేను పాత మద్రాసు వ్యాపారాల చరిత్ర చదువుతున్నాను. అందులో సగం నీ వృత్తి గురించే ఉంది. నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

తెల్లవాళ్ళ కాలంలో మౌంట్ రోడ్డు ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకో. 1840లో మొదలైన సింప్సన్ వాళ్ళ గుర్రబ్బళ్ళు, 1844 నాటి హిగిన్‌బాథమ్స్ పుస్తకాల షాపు, పీ. ఓర్ అండ్ సన్స్ గడియారాలు, ఆ పైన స్పెన్సర్స్ వాళ్ళ పెద్ద కొట్టు. వీళ్ళకి మొదటి ప్రకటన వాళ్ళ మేడే. దారిన పోయేవాడు తలెత్తి చూసి, ఇంత కట్టినవాడు రేపు ఊరొదిలి పోడులే అనుకోవాలి. ఆ తర్వాతే పేపర్లో ప్రకటన. హిందూ పత్రిక మొదటి పేజీ 1958 దాకా ప్రకటనలకే కేటాయించారంటే, వ్యాపారులకి ఆ పేజీ ఎంత విలువైనదో చూడు.

వీటిలో నా మనసు పట్టుకున్నది కార్డిల్ బిల్డింగ్. డబ్ల్యూ. ఈ. స్మిత్ అనే మందుల వ్యాపారి 1897లో కట్టించాడు. గోపురాలూ శిఖరాలూ చూస్తే రాజుగారి కోట అనుకుంటాం. మందు సంగతి నీకు తెలిసిందే కదా. సీసాలో ఏముందో కొనేవాడికి కనపడదు, అమ్మేవాణ్ణి నమ్మి మింగాలి. 1934లో ఆ మేడని కొన్నది ఎవరనుకున్నావు? లాహోరు నుంచి వచ్చిన భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ! మందు కన్నా కనపడని సరుకు బీమా. ఎప్పుడో ఇరవై ఏళ్ళ తర్వాత ఇస్తామన్న మాటకి ఈ రోజే డబ్బు తీసుకోవాలి. అలాంటివాడికి కళ్ళకి కనపడే ఇటుకా సున్నమూ ఎంత అవసరమో నాకు ఆ మేడ ముందు నిలబడ్డప్పుడే బోధపడింది. 2006లో దాన్ని కూలగొట్టడం మొదలుపెడితే కోర్టు ఆపింది. ఆ తీర్పుకి నేను మనసారా దణ్ణం పెట్టుకున్నాను.

మరి మౌంట్ రోడ్డు మీద మేడ లేని మనవాళ్ళు ఏం చేశారు? మన కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్ళిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకి వచ్చిన జనానికి ఆ మందు ఉచితంగా పంచేవారట. ఎంత తెలివైన పనిరా అది! తలనొప్పి తగ్గినవాడు ఇంటికెళ్ళి నలుగురికి చెప్తాడు, ఆ మాటకి ఏ పెద్ద బోర్డూ సాటిరాదు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బే 1908లో ఆంధ్రపత్రిక అయింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది, 1924లో భారతి అనే సాహిత్య పత్రిక అయింది. డాక్టర్ కేసరిగారిదీ ఇంచుమించు అదే దారి. ఆడవాళ్ళ కోసం తయారుచేసిన లోధ్ర మందుతో పేరు తెచ్చుకుని, 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. మేడకి పెట్టాల్సిన డబ్బు అచ్చుయంత్రానికి పెట్టారు వీళ్ళు. మందు కోసం పత్రిక తెరిచినవాళ్ళకి సాహిత్యం దొరికింది, సాహిత్యం కోసం తెరిచినవాళ్ళకి మందు ప్రకటన కనపడింది. సరుకు అమ్ముకుంటూనే భాషకి ఇంత చేసిన వ్యాపారులంటే నాకు నిజంగా భక్తి.

ఇక నీ బీమా. అప్పట్లో విదేశీ కంపెనీలు మనవాళ్ళ ప్రాణానికి పాలసీ ఇవ్వాలంటే ఎక్కువ ప్రీమియం గుంజేవి. మామూలు రేటుకే ఇస్తామని 1870లో బొంబాయి మ్యూచువల్ ముందుకొచ్చింది. ఆ రేటే దానికి గొప్ప ప్రకటన అయి ఉంటుంది. మద్రాసులో యునైటెడ్ ఇండియా లైఫ్ 1906లో పుట్టింది. సరిగ్గా ఆ ఏడు అక్టోబరులోనే అర్బత్‌నాట్ బ్యాంకు కూలి వేలమంది డబ్బు పోయింది. దొరల బ్యాంకే మునిగాక, కొత్త కంపెనీ ఏజెంటు గడప తొక్కితే జనం ఎలా చూసి ఉంటారో ఆలోచించు. నీకు ఎదురయ్యే మొహాలు వాళ్ళ ముందు ఏపాటి? పైగా చావు మాట ఎత్తితేనే అశుభం అనే ఇళ్ళు.

అయినా మన బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. ఆయన స్వయంగా డాక్టరు, ఊరందరికీ తెలిసిన కాంగ్రెస్ మనిషి. 1864 తుపానులో ముప్పై వేలమంది దాకా పోయిన ఊరది. అక్కడ చావు గురించి ఒకరు చెప్పాలా? చెప్పాల్సింది డబ్బు భద్రంగా ఉంటుందనే. ఆంధ్ర రాష్ట్రం కావాలని 1913 బాపట్ల సభ నుంచీ అడుగుతున్న జనానికి, ఆ నాయకుల్లోని మనిషే వచ్చి ఆ మాట చెప్తే కాదనడం కష్టం. మద్రాసులో మేడలు చేసిన పని బందరులో ఆయన పేరు చేసిందని నా నమ్మకం. 1956లో జీవిత బీమా వ్యాపారమంతా ప్రభుత్వం తీసుకుంది, 245 సంస్థలు ఒక్క ఎల్ఐసీలో కలిశాయి. నువ్వు తిరుగుతున్న వీధుల్లో నీకన్నా ముందు తిరిగినవాళ్ళున్నారురా. నిన్ను చూసి తలుపేసుకున్నవాళ్ళ గురించి బెంగ పెట్టుకోకు.

నాకో పని చేసిపెట్టాలి. పాలసీల కోసం పాత ఇళ్ళకి వెళ్తుంటావు కదా, ఎవరింట్లోనైనా ఆంధ్రా ఇన్సూరెన్స్ వాళ్ళ క్యాలెండరు గానీ, రసీదు గానీ, రేకు బోర్డు గానీ కనపడితే ఫోటో తీసి పంపు. అడిగి తీసుకో, వాళ్ళ పేర్లు నాకు అక్కర్లేదు. దసరాకి ఇక్కడికి వస్తే స్పెన్సర్స్ నుంచి కార్డిల్ దాకా నడిపిస్తాను. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
గోపి