ఆ గడి దగ్గర ఆగిపోయావట

అమ్మలూ,

ఎలా ఉన్నావ్? ఇక్కడ అందరం బానే ఉన్నాం. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నోడి పరీక్షలు అయిపోయాయి, నీ రూములో ఫ్యాన్ బాగు చేయించా, ఇప్పుడు చప్పుడు రావట్లేదు. నువ్వు ఫోన్ ఎత్తట్లేదు, మెసేజ్ పెడితే ఊ అని ఊరుకుంటున్నావ్, పనిలో ఉన్నావేమోలే అనుకున్నా. నిన్న పిన్ని మాటల్లో మాటగా చెప్పింది, ఉద్యోగం ఫారంలో ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అన్న గడి దగ్గర ఆగిపోయావట, సోషల్ యాంగ్జైటీ, అదే నలుగురిలో మాట్లాడాలంటే నీకొచ్చే ఆ భయం, ఉందని రాయాలా వద్దా అని తనని అడిగావట. పిన్నిని అడిగినందుకు నాకేం బాధ లేదు. ఆ సంగతి పక్కన పెట్టు.

టాబ్లెట్ టైంకి వేసుకుంటున్నావా? తగ్గినట్టుందని నీ అంతట నువ్వు ఆపెయ్యకు తల్లీ, ఆ మందులు పనిచెయ్యడానికే కొన్ని వారాలు పడుతుంది, ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం మొదలవ్వచ్చు, ఏం చేసినా మీ డాక్టర్‌ని అడిగే చెయ్యి. కౌన్సెలింగ్ కూడా మానకు. ఇంటర్వ్యూ రోజు పొద్దున కాఫీ వద్దు, దడా వణుకూ దాంతో ఇంకా ఎక్కువవుతాయి.

ఆ గడి గురించి నా మాట ఏంటంటే, అప్లికేషన్ దగ్గరే రాయక్కర్లేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, 1980లోనే అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో చేరిన సమస్య ఇది, చాలామందికి టీనేజీలోనే మొదలవుతుంది, నీకూ టెన్త్‌లో ఆ సెమినార్ రోజు నుంచే కదా. చట్టాలు కూడా చదివా. అమెరికాలో 1990 చట్టం ప్రకారం ఆఫర్ ఇచ్చేదాకా నీకు వైకల్యం ఉందా అని కంపెనీ అడగకూడదు, బ్రిటన్‌లో 2010 చట్టం కూడా కొన్ని మినహాయింపులు తప్పిస్తే దాదాపు అంతే, మన దగ్గర 2016 చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి, కానీ రిజర్వేషన్ కావాలంటే కనీసం 40 శాతం అని సర్టిఫికెట్ ఉండాలి. ఇన్ని ఉన్నా అవతలివాళ్ళ మనసులో అనుమానం పుట్టకుండా ఏ చట్టం ఆపుతుంది చెప్పు.

నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునే రోజుల్లో ఒకబ్బాయి వచ్చాడు, శేఖర్ బాబాయ్‌కి తెలుసు అతను. ఫైలు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు, ఎదురుగా నీళ్ళ గ్లాసు ఉంది, పెదాలు ఎండిపోతున్నాయి, అయినా ముట్టుకోడు, ఎత్తితే చెయ్యి వణకడం మాకు కనబడుతుందని. మేం వరసగా కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాం, అతను అవును సార్, తెలుసు సార్, అంతే. నా పక్కాయన అప్పటికే ఆసక్తి లేదు అని షీట్ మీద రాసేశాడు. అప్పుడా అబ్బాయి టేబుల్ వైపే చూస్తూ, సార్ కొత్తవాళ్ళ ముందు నాకు మాట రావడానికి టైం పడుతుంది, ఇది కాగితం మీద చేసి చూపించనా అన్నాడు. ఇచ్చాం. చేసేసి, మేమిచ్చిన ప్రశ్నలోనే ఒక అంకె తప్పు పడిందని దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి మరీ ఇచ్చాడు. అతను బయటికెళ్ళాక, పని సరే, రేపు ఫోన్ ఎత్తగలడా అన్నారు ఒకాయన. చాలాసేపు వాదించుకున్నాం, చివరికి తీసుకున్నాం. చాన్నాళ్ళు మీటింగుల్లో నోరు విప్పలేదు, ఏదున్నా రాసి పంపేవాడు, మేం అవి చదివే నిర్ణయాలు తీసుకునేవాళ్ళం.

అదే బోర్డు ముందు ఇంకో అమ్మాయి కూర్చోగానే నాకు యాంగ్జైటీ ఉంది సార్ అంది, నిజాయితీగానే చెప్పింది పాపం. ఇక మిగతా టైమంతా మందులూ సెలవులూ వీటి గురించే, నేను ఆ పిల్ల చేసిన ప్రాజెక్ట్ వైపు తిప్పినా మళ్ళీ అక్కడికే వచ్చారు.

అందుకే చెప్తున్నా, జబ్బు పేరు వాళ్ళకి ముందే ఎందుకు, నీకేం కావాలో అడుగు. ప్రశ్నలు ముందుగా పంపగలరా, రాతపరీక్ష పెట్టగలరా, నలుగురి బదులు ఒక్కరే మాట్లాడొచ్చా. ఇవి అడగడం తప్పు కాదు. ఇవేవీ అడగకుండా అసలు లోపలికే వెళ్ళలేనంత ఇబ్బందిగా ఉంటే మాత్రం అప్పుడు చెప్పుకోవడమే నయం, అది నీకే తెలియాలి. ఫారంలో చెప్పడం ఇష్టం లేదు అనే ఆప్షన్ ఉంటే అది పెట్టు, కానీ సంతకం పెట్టించుకుని సూటిగా అడిగితే లేదు అని అబద్ధం రాయకు, రేపు దాన్నే పట్టుకుంటారు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, ఏర్పాట్లు చేసే మనిషికి ఒక్కరికి, రాతలో, క్లుప్తంగా. ఆఫీసంతా తెలియక్కర్లేదు. నాకు చెప్పలేదని కూడా ఏం లేదులే, నాకైతే చెప్పొచ్చు.

లెక్చర్ అయిపోయింది, విసుక్కోకు. ఆ ఫారం ఆఖరి తేదీ ఎప్పుడో చెప్పు. నువ్వు రాసేది పంపిస్తే ఒకసారి చూసిస్తా. ఆదివారం ఫోన్ చేస్తా, మాట్లాడాలని లేకపోతే ఎత్తకు, తిన్నానని మెసేజ్ పెట్టు చాలు, అమ్మ అడుగుతుంది.

నాన్న