ఆ ఒకటిన్నర నిమిషం ఎందుకు కోసేశారు?

సంపాదకులకు,

అయ్యా,

పోయిన నెల మా ఊళ్లో రష్యన్ రచయిత గొగోల్ నాటకం 'ఇన్‌స్పెక్టర్ జనరల్' తెలుగులో ఆడితే వెళ్లాను. కుర్రాళ్లు బాగా చేశారు. తనిఖీ అధికారి వస్తున్నాడని తెలియగానే ఊరి మేయరు పడే హైరానాకి హాలంతా విరగబడి నవ్వింది. ఆస్పత్రిలో రోగులకు ఉతికిన టోపీలు తొడగమంటాడు. కోర్టు వసారాలో తిరిగే పెద్దబాతుల్ని తోలెయ్యమంటాడు. చర్చి ఏదని అడిగితే కట్టడం మొదలెట్టాం, తగలబడిపోయింది అని చెప్పాలట. డబ్బు మంజూరైంది గానీ పునాదే తియ్యలేదు మరి! పంచాయతీ ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసినవాణ్ని. తనిఖీ రోజు పొద్దున్నే మెట్ల పక్కకి పూలకుండీలు ఎక్కణ్నుంచి అద్దెకొస్తాయో నాకు తెలుసు. నేనూ నవ్వాను.

పేచీ అంతా చివర్లో వచ్చింది. తాము అధికారి అనుకుని మేపినవాడు అధికారి కాదని, చేతిలో చిల్లిగవ్వ లేని పీటర్స్‌బర్గ్ గుమాస్తా అని తేలాక మేయరు "ఎవర్ని చూసి నవ్వుతున్నారు? మిమ్మల్ని చూసి మీరే నవ్వుకుంటున్నారు!" అని మండిపడతాడు. ఆ మాట లేపేశారు. తర్వాత అసలు అధికారి దిగాడని కబురొస్తుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోతారు. దాదాపు ఒకటిన్నర నిమిషం అలాగే ఉండాలని గొగోల్ రాసిపెట్టాడు. మా ఊళ్లో కబురు రావడం, తెర పడడం, ముఖ్య అతిథికి శాలువా రావడం ఒక్క ఊపులో అయిపోయాయి. ఆపైన నలభై నిమిషాల ఉపన్యాసాలు. ఇదేమిటని అడిగితే, "ముందు వరసలో ఆఫీసర్లున్నారు కదండీ, బావుండదు" అన్నాడొక నిర్వాహకుడు.

1836లో పీటర్స్‌బర్గ్ అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్లో తొలి ప్రదర్శనకు రష్యా చక్రవర్తి (జారు) మొదటి నికొలాయ్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. పత్రికల గొంతు నొక్కిన పాలకుడు ఆయన. ఈ నాటకానికి అనుమతి ఇప్పించిందీ ఆయనే. అందరికీ తగిలింది, అందరికన్నా నాకే ఎక్కువ తగిలింది అన్నాడని చెప్పుకుంటారు. గొగోల్ కూడా విప్లవకారుడేం కాదు, రాజభక్తుడే. ఆయన్ని కుంగదీసింది నటన. ఖ్లెస్తకోవ్ (అధికారి అని పొరబడ్డ ఆ గుమాస్తా) వేషగాడు మామూలు కోతలరాయుడిలా ఆడేశాడని బాధపడ్డాడు. తనకోసం ముప్పై అయిదు వేలమంది వార్తాహరులు వీధుల్లో పరిగెత్తారని చెప్పేటప్పుడు ఖ్లెస్తకోవ్ ఎవర్నీ మోసగించడం లేదు, ఆ క్షణాన తనే నమ్మేస్తున్నాడు. (మన గిరీశం వేరు, తన కోత తనకు తెలుసు.) కొన్ని వారాలకే గొగోల్ దేశం దాటి వెళ్లిపోయాడు.

గొగోల్‌ని ఆడించే పరిషత్తులవారికి నా మనవి ఒక్కటే. శాలువాలు, పూలదండలు నాటకానికి ముందే కానిచ్చెయ్యండి. ఆఫీసర్లను ముందు వరసలోనే కూర్చోబెట్టండి, ఆ మాట వాళ్ల మొహం చూసే అనండి. అంతసేపు నవ్విన హాల్లో ఒకటిన్నర నిమిషం నిశ్శబ్దం ఎలా ఉంటుందో వినాలని ఆ రోజు వాచీ పెట్టుకుని మరీ వెళ్లాను. మళ్లీ ఆడితే మళ్లీ పెట్టుకొస్తాను.

– ఒక విశ్రాంత పంచాయతీ ఉద్యోగి, తెనాలి